నెమ్

సెగెడ్ ఊరు, జూన్ నెల, సాయంత్రం అయిదు.
బయట ఎండ. కిటికీలకు నల్లగుడ్డ కొట్టిన ఈ గదిలో మాత్రం
ఎప్పుడూ అర్ధరాత్రే.
నలభై ఒకటో నంబరు చిట్టెలుక
తెర మీద గీతల్ని చూస్తోంది.
నిలువు గీతలు. వాలు గీతలు. పడుకున్న గీతలు.
దాని తలలో వెంట్రుకకన్నా సన్నని గాజుసూది,
సూది మొనకు ఒకే ఒక్క కణం.

బోర్‌బాలా స్పీకరు మర తిప్పింది.
పెనం మీద కొవ్వు చిటపటలాడినట్టు
నిలువు గీతకు కణం పలికింది.
గీత వాలింది. చప్పుడు ఆగింది.

"చెడిపోయిందా?" అన్నాను, కొత్తవాణ్ణి.
ఇరవై ఆరేళ్లుగా అదే స్టూలు మీద కూర్చున్న మనిషి
నా వంక తిరగకుండానే అంది:
"నెమ్."

మా భాషలో కాదు అనడానికి అదే మాట.
పలికి చూడండి,
చివర్న పెదవులు వాటంతటవే మూసుకుంటాయి.

"పక్కనున్నది దాని నోరు మూయించింది.
నువ్వు విన్న నిశ్శబ్దం ఊరికే రాలేదు,
ఎవరో పని చేస్తే వచ్చింది."

అయిదుగురున్న చోట అలాంటివాళ్లు ఒకరుంటారట.
దూరాలకు ఉత్తరాలు రాయరు, వీధి దాటరు.
మిగతా నలుగురూ ఒక్కసారిగా అరవబోతే
ఇక చాల్లే అంటారు.
మాట గొంతు దాటేచోటే పట్టుకునేవాళ్లు కొందరు.
కొమ్మల చివర కూర్చుని
వచ్చే కబురునే పలచన చేసేవాళ్లు ఇంకొందరు,
బొమ్మ మరీ పెద్దదైతే వీళ్లకు గిట్టదు.
ఒకడి సంగతి చెప్పేటప్పుడు మాత్రం బోర్‌బాలా నవ్వింది:
వాడు వద్దనేవాళ్లనే వద్దంటాడు.
ఎలుక పరుగు అందుకోగానే మేలుకుని
కాపలావాళ్లను పక్కకు పిలిచి సిగరెట్ ఇస్తాడు.
ఆ కాసేపూ వీధంతా దీపాలే.

ఒకసారి మందు చుక్క వేసి
ఆ అయిదోవాళ్ల మాట ఎవరికీ చేరకుండా చేశారట.
నిలువుకు పలికింది, వాలుకు పలికింది,
ఖాళీ తెరకూ పలికింది.
అన్నిటికీ అవునన్న కణం దేన్నీ చూడలేదు.
"ఆ రోజు పుస్తకంలో తేదీ ఒక్కటే రాశాను," అంది.

అంతలో బల్ల అంచు పట్టుకుంది.
"వచ్చింది."
చూపులో ఎడమ మూల ఒక చుక్క,
చుట్టూ రంపపు పళ్ల గీతలు, వెండివి,
వణుకుతూ, పెరుగుతూ.
తెర ఆపేశాను. గీతలు ఆగలేదు.
ఆమె తల వెనక ఎక్కడో కాపలా సడలింది,
నిమిషానికి మూడు మిల్లీమీటర్ల నడకతో
తుఫానొకటి దాటిపోతోంది.
"ఎలుకకు చూపించే సినిమానే," అంది కళ్లు మూసుకుని,
"నాకు టిక్కెట్ అడగరు."

ఇరవై నిమిషాలు. వాచీ నేను చూశాను.
ఆమె వాళ్ల నాన్న గురించి చెప్పింది.
టిసా నది మీద తూము తలుపుల కాపలాదారు.
వరదకు తలుపులు దించినప్పుడల్లా ఊరు తిట్టేది.
దించకపోతే ఏమయ్యేదో చూసినవాడు లేడు,
సాక్ష్యానికి ఎవర్ని పిలవాలి?

బయటికొచ్చాం. ఏడు కాలేదు.
టిసా పూస్తోంది.
మూడేళ్లు ఒడ్డు బంకమట్టిలో పడుకున్న పురుగులు
ఈ ఒక్క సాయంత్రానికి రెక్కలు తెచ్చుకుని
పొడవాటి తోకలతో నీళ్ల మీద గీతలు గీస్తున్నాయి.
వంతెన మీద జనం ఫోన్లెత్తారు.
నాకు పసుపు పొగ తప్ప ఏమీ కనపడలేదు.
"ఒకదాన్ని చూడు," అంది.

ఎలా?

చూశాను. ఎడమ రెక్క చిరిగినది,
నీటిని తాకి లేస్తూ, మళ్లీ తాకుతూ.
అది కనపడ్డ క్షణాన మిగతావన్నీ వెనక్కి జరిగాయి,
నా తలలో ఎవరో, పేరు చెప్పకుండా,
చేయి అడ్డం పెట్టినట్టు.

ఆమెకు తలనొప్పి ఇప్పుడు మొదలైంది.
ట్రామ్ ఎక్కుదామా అన్నాను.
పెదవులు మూసింది, అంతే.